జగన్నాధం మావ చెవి

నౌపడ స్టేషను దాటి భావనపాడు రోడ్డెక్కగానే ఎడమ చేతి వైపు రేకుల షెడ్డు ఒకటుంటుంది. బోర్డు లేదు. ఆ షెడ్డులో జగన్నాధం మావ ఉంటాడని ఇటు శ్రీకాకుళం నుంచి అటు ఇచ్ఛాపురం దాకా ఇంజన్లన్నిటికీ తెలుసు, ఇక బోర్డు దేనికి? మనుషుల సంగతి నేను చెప్పలేను, ఇంజన్లకి మాత్రం తెలుసు. ఎంత దొంగ ఇంజనైనా ఆయన ముందుకొస్తే గొంతు సవరించుకుని నిజం చెప్పేసేది.

ఒకరోజు షెడ్డులో అన్నం తింటున్నాడు. గూడ్సు బండి పోతోంది. ముద్ద చేతిలోనే ఆపి, ఇరవై మూడో పెట్టెకి ఎడమ చక్రం బేరింగు పోయిందన్నాడు. పలాసలో బండి ఆపి చూస్తే సరిగ్గా ఇరవై మూడో పెట్టే. కాదు, ఇరవై నాలుగోదని వాదించేవాళ్ళు కోటబొమ్మాళిలో ఇద్దరున్నారు. వాళ్ళ మాట నమ్మకండి, ఆ రోజు పెట్టెలు లెక్కపెట్టింది నేను.

నా పేరు నాగబాబు. తొమ్మిదో తరగతిలో బడి నన్ను భరించలేకపోతుంటే జాలిపడి నేనే దాన్ని వదిలేశాను. టెక్కలి ఫ్యాక్టరీ నుంచి భావనపాడుకి ఆటోలో ఐసు తోలతాను. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి మావ షెడ్డు దగ్గర ఆగడం ఇరవయ్యేళ్ళుగా నాకు అలవాటు. ఐసు కరుగుతుందన్న భయం లేదు. నా కబుర్లకి ఐసు కూడా గడ్డకట్టుకుని వింటుంది.

మావ పని తీరు ఇలా ఉండేది. బండి స్టార్టు చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకునేవాడు. కళ్ళు మూసుకునేవాడు. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త విని, రోగం పేరు చెప్పేవాడు. విప్పి చూస్తే అదే. విప్పకముందే చెప్పే మనిషి కాబట్టి ఆయన మాటకి విలువ. మాట తప్పితే మళ్ళీ బిగించినా అతకదు.

షెడ్డు వెనకే ఇల్లు. తాయారత్త ఉన్న రోజుల్లో అన్నం వేళకి గుమ్మంలో వేలాడదీసిన పాత బ్రేకు డ్రమ్ముని పానాతో రెండు దెబ్బలు కొట్టేది. ఎంత పెద్ద లారీ కింద ఉన్నా మావ బయటికి వచ్చేసేవాడు. అత్త జ్వరంతో పోయి మూడేళ్ళు దాటింది. పిల్లలు లేరు. డ్రమ్ము ఇప్పటికీ అక్కడే ఉంది. ఉప్పుగాలికి తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడుతోంది.

అత్త పోయిన ఏడాదిన్నరకి మావ షెడ్డు స్తంభాలకి లారీ అద్దాలు బిగించాడు. మూడు అద్దాలు, మూడు దిక్కులకీ. ఏటి మావా, మళ్ళీ పెళ్ళిసూపులకి తయారవుతున్నావా అని ఏడిపించాను. ఆయన నా మొహంలోకి చూశాడు, ఒక క్షణం ఆగి నవ్వాడు. ఆ నవ్వు అంత ఆలస్యంగా ఎందుకొచ్చిందో నేను ఆలోచించలేదు. నా జోకు లోతైనది, అర్థమవడానికి టైము పట్టింది అనుకున్నాను.

కిందటి దసరా వెళ్ళాక కోటబొమ్మాళి ధనరాజ్ తన కారు తెచ్చాడు. లోపల ఏదో కొట్టుకుంటోందన్నాడు. మావ స్క్రూడ్రైవరు పెట్టి విని, ఏమీ లేదు, వెళ్ళమన్నాడు. హైవే ఎక్కిన పది నిమిషాలకి లోపలి రాడ్డు విరిగి, ఇంజను గోడ పొడుచుకుని బయటికొచ్చింది. ఆ చప్పుడు రోడ్డు పక్కన మేస్తున్న గేదెలకి కూడా వినబడింది, జగన్నాధానికి వినబడలేదు అని ధనరాజ్ ఊరూరా చెప్పాడు. వయసు మీదపడిందన్నారు. పెళ్ళాం పోయాక మనసు పనిమీద లేదన్నారు. ఏదంటేనేం, బండ్లు రావడం తగ్గింది. టెక్కలిలో కొత్తగా పెట్టిన వర్క్‌షాపుకి పోవడం మొదలుపెట్టారు. అక్కడ స్కానరుంది. తీగ తగిలిస్తే తెరమీద రోగం రాసి చూపిస్తుంది.

సంక్రాంతి నెల దాటేసరికి షెడ్డులో పని లేదు. నేను వెళ్ళేసరికి తుడిచిన పానాలే మళ్ళీ తుడుస్తుండేవాడు. అద్దాల్లో రోడ్డు చూస్తుండేవాడు. నేను ఆగే రెండు పదినిమిషాలు తప్ప ఆయనతో మాట్లాడే మనిషి లేడు. ఆ మాటలైనా నావే, ఆయన తల ఊపేవాడు. ఒకరోజు మాత్రం తనంతట తనే ఒక మాట అన్నాడు.

"ఇంకొక్క మాట తప్పిందంటే షెడ్డుకి తాళమేసెత్తాన్రా. మాట పోయాక పానాలెందుకు?"

తాళమేసి ఎక్కడికి పోతావని నేను అడగలేదు. వెనకనున్న ఇంట్లోకే పోతాడు. అక్కడ అద్దాలు కూడా లేవు.

ఆ మాట అన్న రెండో రోజునే దేవి కారు వచ్చింది.

దేవిది భావనపాడు. మొగుడు గంగులు ఎనిమిది నెలలుగా గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద వేటకి పోయి ఉన్నాడు. వాళ్ళ బోటు ఒడ్డున బోర్లించి ఉంది. దేవి ఒక పాత కారు తీసుకుని, వెనక సీట్లు పీకించి, చేపల ట్రేలు పేర్చుకుని రోజూ పొద్దున్నే కోటబొమ్మాళి పోతుంది. ఆమెకి డ్రైవింగు నేర్పింది నేనే. ఆమె వేరే పేరు చెబుతుంది, అది వేరే సంగతి.

మాఘమాసం, మంచు ఇంకా విడలేదు. నేను ఐసు దించి తిరిగొస్తున్నాను. షెడ్డు ముందు కారు ఆగి ఉంది, డాష్‌బోర్డు మీద నూనెచెంబు బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. ఆ లైటు వెలిగితే డ్రైవరు కాళ్ళు చల్లబడతాయి. ఇంజను లోపల నూనె తిరిగే పోటు, అదే ఆయిలు ప్రెజరు, పడిపోయిందని దాని అర్థం. నూనె తిరగని ఇంజను ధనరాజ్ కారులాగే బద్దలవుతుంది. ఇంజను పక్కన బొటనవేలంత సెన్సారు ఒకటి ఉంటుంది. ప్రెజరు తగ్గితే లైటు వెలిగించడమే దాని ఉద్యోగం.

దేవి చెప్పింది విని మావ మొహం రాయిలా అయిపోయింది. ముందురోజు పొద్దున్న టెక్కలిలో స్కానరు పెట్టించిందట. ఆయిలు ప్రెజరు లేదు, ఇంజను విప్పాలి అన్నారట. విప్పితే కారు పదిహేను రోజులు అక్కడే ఉండిపోతుంది, కోటబొమ్మాళిలో ఆమె చోటు ఇంకొకళ్ళకి పోతుంది. విప్పకుండా నడిపితే ఇంజనే పోతుంది.

"నువ్వు విప్పమంటే విప్పిస్తాను మావా. నడపమంటే నడుపుతాను. నీ మాటే," అంది.

నీ మాటే అని ఆయనతో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో.

మావ ముందు నూనె కొలపుల్ల తీసి చూశాడు. నూనె నిండుగా ఉంది, శుభ్రంగా ఉంది. ఇంజను స్టార్టు చేయమన్నాడు. స్క్రూడ్రైవరు తీశాడు. మొన ఇంజనుకి ఆనించాడు. పిడి చెవికి ఆనించుకోలేదు. పళ్ళతో కరిచిపట్టుకున్నాడు.

నేను పకపకా నవ్వాను. అందులో నావంతు తప్పు లేదు, పొద్దున్నే ఒక పెద్దమనిషి స్క్రూడ్రైవరు కొరుకుతూ కనబడితే ఎవరైనా నవ్వుతారు. మావ నా నవ్వు వైపు తిరగలేదు. నేనున్నది ఆయన వెనక. అప్పుడు నాకు తట్టింది. నేను ఇంకోసారి నవ్వాను, ఈసారి కావాలని, గట్టిగా. మంచులో కొంగలు లేచాయి. మావ కదల్లేదు.

స్తంభం మీద అద్దంలో నా నోరు కదలడం చూసి అప్పుడు తిరిగాడు. నా మొహంలో ఏం కనబడిందో, స్క్రూడ్రైవరు కిందికి దించాడు. దేవిని టీ కొట్టుకి పంపాడు. ఆమె ఫోను చెవిన పెట్టుకుని, ఎత్తని వేరావల్ నంబరుకి మళ్ళీ మళ్ళీ చేసుకుంటూ రోడ్డు దాటింది.

"తాయారు పోయాక ఇల్లు సప్పుడు సెయ్యడం మానేసినాది," అన్నాడు మావ. "మనిసి నేదు కదా, అందుకే అనుకున్నాను. ఏడాది పైన అలాగే అనుకున్నాన్రా. ఓ రోజు వోన పడతన్నాది. రేకుల మీద పడతన్నాది, కళ్ళతో సూస్తన్నాను. సప్పుడు నేదు. అప్పుడు తెలిసినాది, ఇల్లు కాదు, నేనే అని."

నేను ఆయన మొహానికి ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

ఇప్పుడు ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మావే చెబుతున్నాడు కాబట్టి రాస్తున్నాను. ఆ పూటకి మాత్రం అది తెలిసింది నాకొక్కడికే. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సగం పోల్చుకుంటాడట. ఇంజనుకి పెదవులు లేవు. పళ్ళతో పట్టుకుంటే వణుకు తెలుస్తుంది గానీ, ఆ వణుకు మంచిదో చెడ్డదో తేల్చుకోలేకపోతున్నాడు.

"నువ్వు ఇను," అని స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు. "నీ అంత అబద్ధాలకోరు ఈ సుట్టుపక్కల ఇంకోడు దొరకడు. ఈ ఒక్కపాలి ఉన్నది ఉన్నట్టు సెప్పు నాయనా."

ఇరవయ్యేళ్ళుగా ఆయన చెవి గురించి ఊరంతా డప్పు కొట్టినవాణ్ణి. ఆ పిడి నా చెవికి ఆనించుకున్నాను. లోపల ఎన్ని చప్పుళ్ళో. ఏది రోగం, ఏది ఆరోగ్యం? తాయారత్త కుట్టుమిషనులా ఆడుతోందని చెప్పాను. మధ్యమధ్యలో దరువు తప్పుతోందా అని అడిగాడు. లేదన్నాను. పైన గుర్రపు డెక్కల్లా టకటకమంటోందా? లేదన్నాను. కింద ఎవరో తలుపు కొట్టినట్టు? లేదన్నాను. నేను లేదన్న ప్రతిసారీ ఆయన నా పెదవుల్ని, తర్వాత నా కళ్ళని చూశాడు. నూనె అందని ఇంజను పైన టకటకమనకుండా ఉండదట. అది వినబడలేదంటే లైటే అబద్ధం చెబుతుండాలి. లేదా నేను.

నా మాట ఒక్కదాని మీద దేవి కారుని రోడ్డుకి వదిలే ధైర్యం ఆయనకి లేదు. నాకే లేదు. లోపలికి వెళ్ళి ప్రెజరు గేజి వెతకసాగాడు. చెవి బాగున్నన్నాళ్ళూ దానితో పని పడలేదు కాబట్టి, ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. అది దొరికేసరికి ఎండ వచ్చింది. దేవి తిరిగొచ్చింది. కారు ఆడుతూనే ఉంది, ఎర్రలైటు మాత్రం దానంతటదే ఆరిపోయింది.

తగ్గిపోయింది మావా, వెళ్ళిపోతాను అంది దేవి. చేపలు ఎదురుచూడవు కదా.

మావ ఆమెని కారెక్కనివ్వలేదు. ఎదురుగా నిలబెట్టి అడిగాడు. ఇది ఎప్పుడెప్పుడు వెలుగుతుంది? పొద్దున్న బయల్దేరినప్పుడు. ఎప్పుడు ఆరుతుంది? టెక్కలి దాటి ఎండెక్కాక. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు? ఎప్పుడూ లేదు. ఇంజను కాగినకొద్దీ నూనె పలచబడుతుంది, నిజంగా ప్రెజరు లేనిదైతే మధ్యాహ్నం వెలగాలి. ఇది తిరగేసి వెలుగుతోంది.

మావ రోడ్డు అవతలికి చూశాడు. టీ కొట్టు వెనకంతా ఉప్పుమళ్ళే. ఆయన తండ్రి ఆ మళ్ళలోనే ఉప్పు గీకే గోకుడుపార పట్టి బతికి, అక్కడే పోయాడు. ఒడ్డున పోసిన ఉప్పు కుప్పలు పొద్దున్న మంచుకి చెమర్చి నల్లబడి ఉంటాయి, ఎండ తగలగానే ఆరి తెల్లబడతాయి. నౌపడలో పుట్టిన ఎవరికైనా అది తెలుసు. చాలాసేపు అలాగే చూసి, వంగి, సెన్సారుకి తగిలించిన వైరు క్లిప్పు ఊడదీశాడు.

లోపల రాగి పచ్చగా చిలుం పట్టింది. దానిమీద తెల్లటి పొర. ఆ పొరలో పసుపు రంగు. మావ వేలితో గోకి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు. "మన మడి ఉప్పు కాదు. సముద్రంది."

రుచి చూసి ఏ ఉప్పో చెప్పడం నేను కట్టిన కథ అనుకుంటారు. దేవి మొహం చూస్తే మీరే నమ్మేవారు. ఆమె తల దించుకుంది.

మా వేటకెళ్ళే వాళ్ళలో బోటు నీళ్ళలోకి దించేముందు సముద్రపు నీళ్ళలో పసుపు కలిపి, గంగమ్మని తలుచుకుని ఇంజను మీద చల్లుతాం. బోటింజను మొద్దు ఇనుము, వాటికి చలించదు. గంగులు ఎక్కిన బోటు వేరావల్‌లో ఉంది, దానిమీద చల్లేవాళ్ళెవరో దేవికి తెలియదు. వాళ్ళ సొంత బోటు ఒడ్డున బోర్లించి ఉంది, దానిమీద చల్లి లాభం లేదు. అందుకని ప్రతి శుక్రవారం ఒడ్డుకి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి, పసుపు కలిపి, కారు మూత ఎత్తి ఇంజను మీద పోస్తోంది. గంగులు వెళ్ళినప్పటినుంచీ. ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని.

నవ్వే రకం ఆ షెడ్డులో నేనొక్కణ్ణే. నాకు నవ్వు రాలేదు.

మావ క్లిప్పు మళ్ళీ తగిలించాడు. లైటు వెలగలేదు. తడిగుడ్డ పిండి దానిమీద రెండు చుక్కలు వేశాడు. ఎర్రలైటు టక్కున వెలిగింది. ఉప్పు తడిస్తే దానిలోంచి కరెంటు పాకిపోతుంది, ప్రెజరు లేదని లైటు వెలుగుతుంది. టెక్కలి స్కానరు అడిగింది ఇంజనుని కాదు, ఈ సెన్సారుని. పొద్దున్నే అడిగింది కాబట్టి అది పొద్దుటి అబద్ధమే చెప్పింది.

ఇంతటితో సరేననే మనిషి కాదు. అబద్ధాలకోరు కూడా ఒక్కోపాలి నిజం సెప్తాడు కదేటి అని నావైపు చూసి, ఇంజను ఆపించి, సెన్సారు విప్పి ఆ కన్నంలో గేజి బిగించాడు. సెన్సారు ప్లాస్టిక్కు ఒకపక్క నెర్రె ఇచ్చి ఉంది, లోపలికీ ఉప్పు దిగింది. ఇంజను స్టార్టు చేయించాడు. బాగా కాగేదాకా ఆగాడు. ముల్లు ఒకటిన్నర దగ్గర నిలబడింది. నన్ను యాక్సిలేటరు తొక్కమన్నాడు. ముల్లు లేచి నాలుగు దగ్గరికి వెళ్ళి కదలకుండా కూర్చుంది. ఇంజనుకి ఏ రోగమూ లేదు. ఆ ముల్లుని మావ చూసిన చూపు, తప్పిపోయిన మేకని సంతలో పోల్చుకున్నవాడి చూపు.

టెక్కలి పోయి కొత్త సెన్సారు తెచ్చింది నేనే. వెళ్ళి రావడానికి ఆటోలో పదకొండు నిమిషాలు పట్టింది. నమ్మకపోతే మీ ఇష్టం. మావ ఈలోగా క్లిప్పుని గీకి, బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి ఉంచాడు. కొత్తది బిగించి, ఇంజను విప్పక్కర్లేదు, నడుపుకోమని దేవికి చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు రోడ్డు దాకా వినబడింది. అది ఆయనకి తెలియదు.

పసుపునీళ్ళు ఇక మానేస్తాను అంది దేవి. చాలా చిన్న గొంతుతో అంది. ఆయనకి వినబడదని నాకు భయం వేసింది గానీ, పెదవులు చదివాడు.

"మానొద్దే పిల్లా. లోపల పొయ్యకు, అంతే. బోటుకి ముక్కు మీద కూడా సల్లుతారు కదా. దీనికీ ముక్కు మీదే సల్లు."

కారు నంబరు ప్లేటు మీద వేలితో తట్టి చూపించాడు. ఎనిమిది నెలల్లో ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

వెళ్తూ వెళ్తూ కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పింది. రేపు పొద్దున్న మంచులో లైటు వెలగలేదంటే, షెడ్డు ముందు ఆగను మావా, హారను కొట్టుకుంటూ పోతాను, వినబడగానే నీ మాట నిలబడిందని తెలుసుకో. మావ సరేనని తల ఊపాడు. హెడ్‌లైటు వెయ్యి, హారను వద్దు అని నా నోటిదాకా వచ్చింది. అద్దంలోంచి ఆయన నన్ను చూశాడు. నోరు మూసుకున్నాను.

మరునాడు పొద్దున్న నేను ఐసుతో వస్తుంటే మంచు ముందురోజుకన్నా దట్టంగా ఉంది. పది అడుగుల అవతల ఏముందో తెలియదు. షెడ్డు దగ్గర రోడ్డు అంచున ఒక ఆకారం కనబడింది. మఫ్లరు చుట్టుకుని మావ. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో, మఫ్లరు మీద మంచు నీళ్ళు చుక్కలుగా నిలిచాయి. రోడ్డుకి ఎంత దగ్గరగా నిలబడ్డాడంటే నేను ఆటో పక్కకి కోసి ఆయన వెనకే ఆపాల్సొచ్చింది. ఇంజను ఆపి ఆయన వెనక నిలబడ్డాను. నేను వచ్చినట్టు ఆయనకి తెలియదు. ఈ మంచులో అద్దాలు పనిచెయ్యవు.

హారను నాకు ముందే వినబడింది. ఉప్పుమళ్ళ మలుపు దగ్గరనుంచే కొడుతోంది దేవి, ఆపకుండా, పెళ్ళి వ్యానులా. మావ అటే చూస్తున్నాడు, మొహంలో మార్పేమీ లేదు. హారను దగ్గరవుతోంది. ఆయన ఇంకా మంచులోకి కళ్ళు చికిలించి చూస్తూనే ఉన్నాడు. భుజం తట్టి చెబుదామని చెయ్యెత్తి, మళ్ళీ దించేశాను. అది ఆయన తనంతట తను తెలుసుకోవాల్సిన కబురు.

మంచులోంచి తెల్లకారు బయటపడింది. నంబరు ప్లేటు పచ్చగా పసుపుతో తడిసి ఉంది. దేవి చెయ్యి హారను మీద ఉంది, నవ్వుతోంది, ఏదో అరిచింది కూడా. మావ చెయ్యి లేచింది. ఒక క్షణం ఆలస్యంగా లేచింది. కారు అప్పటికి దాటిపోయింది. ఆ చెయ్యిని ఆమె అద్దంలోనైనా చూసిందో లేదో నాకు తెలియదు.

హారను టెక్కలి వైపు చాలా దూరం వినబడుతూనే ఉంది. మావ చెయ్యి ఇంకా పైకెత్తే ఉంచాడు. అది ఎప్పుడు ఆగిపోయిందో ఆయనకి తెలియదు కదా.